కొస అడగని గోడ

పదకొండవ ప్రకరణం

గోడ గంధవతి వాగు దాటిందన్న వార్త మోసుకొచ్చిన రౌతు, గుర్రం దిగకముందే సొమ్మసిల్లాడు. అతణ్ణి కిందికి దించి, ముఖాన నీళ్ళు చల్లి, చింతచెట్టు నీడన పడుకోబెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకడు సున్నం పనివాడి వేషంలో ఉన్న కొమ్మన. రెండవది, నాలుగు సున్నపు గంపలు వేసిన గాడిదను తోలుకుంటూ అతని వెంట నడుస్తున్న మాచమ్మ.

కళ్ళు తెరిచిన రౌతు అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు. వాగులో నీళ్ళు పారుతుండగానే రాళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి అవతలి గట్టున నిలబడ్డాయట. మొదట్లో రోజుకు బారెడు సాగిన గోడ ఇప్పుడు నిండు గర్భిణి నడకతో సాగుతోందట. రాజధాని హరిణీపురానికి ఇంక ఆమడ దూరమే మిగిలింది. ప్రభువు విశాలవర్మ కూడా పట్టిన పట్టు విడిచేలా లేడు. ఈ రోజు పొద్దు గుంకేలోపు గోడ ఆగితే సరే, లేకపోతే పెద మేస్త్రి చెన్నోజు తల ఎగిరిపోతుంది. సరిహద్దు కోటలోని సైన్యాన్ని వెనక్కి పిలవడానికే ఆ రౌతు పోతున్నాడు.

అంతా విని మాచమ్మ గాడిద మెడ మీద చేయి వేసింది. చెన్నోజు ఆమె తండ్రి.

కొమ్మన తల ఎత్తలేదు. రౌతు చెప్పుల వారులు ఊడిపోతే వాటిని బిగిస్తూ కూర్చున్నాడు. ఆ గోడకు మొదటి రాయి మీద చేయి వేసినవాడెవడో అక్కడున్న ముగ్గురిలో ఒక్కడికే తెలుసు. చేయి వేసినవాడు అతనే కనుక.

మేఘవాటి రాజ్యంలో ఏ పనీ దానంతటది మొదలు కాదు. మొదలుపెట్టడం అక్కడ ఒక వృత్తి. ఒక్క మొదలుకే ఆ నేల మీద ఎన్ని పేర్లో. రైతుకు అది ఏరువాక, అంగడివాడికి బోణీ, పసివాడికి ఓనమాలు, ఇల్లు కట్టేవాడికి శంకుస్థాపన, నాటకాలాడేవాళ్ళకు నాంది. పేరు ఏదైనా దానికి కొమ్మన రావాలి. పొలమైతే ఎడమ పాదం మోపేవాడు. కొత్త పడవైతే భుజం ఆనించి నీళ్ళలోకి తోసేవాడు. వేణువైతే పాట ఏమీ లేకుండా ఒక్క ఊపిరి మాత్రం ఊది ఇచ్చేసేవాడు. పదేళ్ళు మాటలు లేని అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోవాలనుకుంటే ఇద్దరి మధ్యా కూర్చుని, ఇవాళ ఎండ కాస్త ఎక్కువగా ఉంది కదా అనేవాడు. తక్కినది వాళ్ళే చూసుకునేవారు.

ఆ వృత్తివాణ్ణి తొలిచేయి అంటారు. ఏడు తరాలుగా అది కొమ్మన ఇంటివాళ్ళదే. తొలిచేయి పడిన పని కొస చేరేదాకా ఆగదు. వాన వచ్చినా, వరద వచ్చినా, కట్టేవాడు చచ్చినా ఆగదు. అందుకే చేయి వేసే ముందు ఒక ప్రశ్న వేయాలి. దీని కొస ఎక్కడ? ఆ పని ఎవరిదో వాళ్ళే, వాళ్ళ నోటితోనే జవాబు చెప్పాలి. నేతగాడు పన్నెండు మూరలు అంటాడు. రైతు అదిగో ఆ తుమ్మ మొక్క అంటాడు. కొందరు తేల్చుకోలేక భార్యను పిలుస్తారు, ఆమె అత్తను పిలుస్తుంది, పూట గడిచిపోతుంది. అయినా తొలిచేయి కూర్చోవాల్సిందే. కొస చెప్పని పని మొదలైతే, ఆ పని ఎవరిదో వాళ్ళే కొస చెప్పేదాకా దాన్ని ఆపగల మనిషి పుట్టడు.

నలభై రోజుల కిందట, గబ్బిలాల కొండ దారిలో, ఒక ముసలివాడు కొమ్మన కాళ్ళకు అడ్డం పడ్డాడు. నాలుగు మేకలు చేలో పడుతున్నాయని, మోకాలెత్తు గోడ కట్టుకుంటానని, ఒక్కసారి చేయి వేసిపొమ్మని ఏడ్చాడు. ఇంటి దగ్గర కొమ్మన భార్య వెన్నమకు మూడో రోజు జ్వరం. పొద్దు పడమటికి వాలుతోంది. కొమ్మన రాయి మీద చేయి ఆనించి, "సాగు" అని, ఆగకుండా నడిచాడు. వెనక ముసలివాడు నవ్విన నవ్వు గుహలో నీటిచుక్క పడినట్టు వినిపించింది. అయినా తిరిగి చూడలేదు.

ఇంటికి వేళకే చేరాడు. వెన్నమ అతని చేతిలోని నీళ్ళు ఒక్క గుక్క తాగి, "వచ్చావా" అంది. దీపాలవేళకు వెళ్ళిపోయింది. ఆ రోజు కొస అడిగి కూర్చుని ఉంటే ఆ గుక్కెడు నీళ్ళు అందేవి కావు. అందుకే తన తప్పును మనసారా తిట్టుకోవడం కూడా కొమ్మనకు చేతకాలేదు.

గోడ సంగతి దర్బారుకు చేరిన రోజున మొదటి రాళ్ళ మీద చెన్నోజు ఉలి గుర్తు కనిపించింది. అవి అతని దొడ్లోంచి దొంగిలించిన రాళ్ళని ఎవరూ నమ్మలేదు. కొమ్మన కూడా ఆ దర్బారులోనే ఉన్నాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. కొస అడగకుండా కొమ్మన చేయి వేస్తాడన్న ఊహే ఆ రాజ్యంలో ఎవరికీ రాదు. సంకెళ్ళలో ఉన్న చెన్నోజే అతని వైపు చేయి చూపించి, కొమ్మన మొదలుపెట్టి ఉంటే దీనికొక కొస ఉండేది ప్రభూ అన్నాడు. కొమ్మన నోరు అప్పుడు పడిపోయింది. తప్పిన తొలిచేయికి శిక్ష చేయి నరకడం. ఆ భయమూ లేకపోలేదు. ఎవరికీ తెలియకముందే సరిచేసేద్దామన్న ఆశ అంతకంటే పెద్దది.

రౌతుకు తమ మజ్జిగ కుండలో సగం ఇచ్చి ఇద్దరూ కొండ దారి పట్టారు. కుడివైపు గోడ వెంటే వస్తోంది. అది చూడ్డానికి అందంగా ఉండడమే అన్నిటికంటే కష్టంగా తోచింది. రెండు నిలువుల ఎత్తు. బూడిద రంగు రాళ్ళలో ఎర్రని జీరలు. అతుకుల్లో వెంట్రుక దూరదు. ఉదయపు ఎండ దాని మీద పట్టుచీర ఆరవేసినట్టు పరుచుకుంది. అది ఒక మల్లెతోటను చీల్చింది. ఒక ఇంట్లోంచి దూసుకుపోయి పొయ్యిని ఇటు, రోలును అటు చేసింది. తల్లి ఒకవైపు, బిడ్డ ఒకవైపు చిక్కిన ఊళ్ళు కనిపించాయి. ఆ ఊళ్ళలో ఇరువైపులవాళ్ళూ ఒకే వేళకు పొయ్యి వెలిగించుకుని, అవతలి పొగ చూసి అన్నం ముందు కూర్చుంటున్నారు. కొమ్మన ఆ పొగల వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

దారిలో మాచమ్మ మూట విప్పింది. "ముందు నువ్వు తినన్నా. నిన్నటినుంచీ నీళ్ళ మీదే ఉన్నావు. మా నాన్న కోసం ఊళ్ళో ఒక్కడూ కదల్లేదు. నువ్వొక్కడివే లేచావు."

"ఆకలిగా లేదు తల్లీ."

"ఆకలి లేదంటే ఎట్లా. ఆ దొంగ తొలిచేయి ఎవడో, ఏ దేశంవాడో, వాడు మాత్రం కడుపునిండా తింటుంటాడు. వాడి చెయ్యి పడిపోను."

"ఊఁ" అన్నాడు కొమ్మన. ముద్ద తీసుకున్నాడు. సగం తిని, తక్కిన సగం గాడిద నోటికి అందించాడు.

ఈ వేషాల ఎత్తు మాచమ్మదే. గోడ పుట్టింది గబ్బిలాల కొండలో కనుక కట్టించింది ఆ కొండ మీద ఉండే మాంత్రికుడు కుహరకంఠుడే అయ్యుండాలి. కొస అతని నోటినుంచే రావాలి. బతిమాలితే చెప్పడు, బెదిరిస్తే అసలే చెప్పడు. కానీ అంత గోడ కట్టించుకున్నవాడికి సున్నం అక్కర్లేకుండా ఉంటుందా? వెల్ల వేస్తామని పోయి, ఎంతవరకు వేయాలయ్యా అని అడిగితే పని ముగుస్తుంది.

కొండ నడుమ పెద్ద లోయ. దాని మీద ఒకే ఒక పొడుగాటి బండ. కొమ్మన కాలు మోపబోతే మాచమ్మ అతని పైగుడ్డ పట్టి లాగింది. బండను వంగి చూసి, అది తక్కెడలా నడిమధ్యన మాత్రమే ఆని ఉందని చెప్పింది. సగం దాటినవాణ్ణి అది ఎత్తి లోయలో పారేస్తుంది. నాలుగు గంపల్లో పొడి సున్నం ఉన్న రెండింటిని దించి ఇవతలి కొన మీద పెట్టింది. చాలవేమోనని ఒక గుండ్రాయిని కూడా దొర్లించింది. బండ మూలిగింది గాని లేవలేదు. ముందు మాచమ్మ, వెనక కొమ్మన, ఆ తర్వాత కింద ఏముందో చూసే అలవాటు లేని గాడిద దాటారు. అవతల నేల మీద కాలు పెట్టారో లేదో గుండ్రాయి జారింది. బండ ఒక్కసారిగా నిటారుగా లేచి, రెండు గంపల తెల్లని పొడిని ఆకాశంలో చల్లి, లోయలోకి విరుచుకుపడింది. తిరిగి వెళ్ళే దారి లేదు.

ఇక కోటద్వారం. అటూ ఇటూ రాతి సింహాలు, వాటి జూలులో నిజమైన గబ్బిలాలు వేలాడుతున్నాయి. గడప ముందు ఎముకలు. చెన్నోజు పడుచుతనంలో ఒకసారి ఈ కొండకు పనికి వచ్చి ప్రాణాలతో తిరిగి వెళ్ళినవాడు. ఆయన చెప్పిన మాట మాచమ్మకు గుర్తుంది. ఆ సింహాలు మీద పడవు, ఊరికే గర్జిస్తాయి. గర్జనకు ఉలిక్కిపడినవాణ్ణి మాత్రం వదలవు.

కొమ్మన ముఖం పాలిపోయింది. నలభై రోజులుగా ఆకు రాలినా ఉలిక్కిపడుతున్నాడు. వెనకనుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే గుండె నోట్లోకి వస్తోంది. ఎందుకని మాచమ్మ అడగలేదు. భార్య పోయిన మనిషి అలాగే ఉంటాడనుకుంది కాబోలు. మూటలోని పిండి తీసి తడిపి, రెండు ఉండలు చేసి అతని చెవుల్లో కూరింది. సున్నపు గుడ్డ ఒకటి కళ్ళకు కట్టింది. ఉండలు కూరే ముందే అతనికి చెప్పింది. "సున్నం పడి చూపు పోయిన అన్నవి నువ్వు. గాడిద తోక పట్టుకుని రా."

"గాడిద ఉలిక్కిపడదా?"

"అది మా నాన్న అరుపులు వింటూ పెరిగింది."

సింహాలు గర్జించాయి. కొమ్మనకు వినిపించలేదు గాని అరికాళ్ళలోంచి నేల కంపం మోకాళ్ళ దాకా పాకింది. ఒళ్ళు ఎగిరిపడబోయింది. అప్పుడతను ఒక పని చేశాడు. కుడి అరచేతిని దొప్పలా ముడిచి, అందులో గుక్కెడు నీళ్ళున్నాయని, అవి తొణకకూడదని అనుకున్నాడు. ఒక అడుగు. ఇంకొక అడుగు. వేడి ఊపిరి చెంపకు తగిలి వెళ్ళిపోయింది. చేతిలోని నీళ్ళు తొణకలేదు.

లోపల మాచమ్మ కట్టు విప్పింది. కుడి చెవిలోని పిండి ఊడివచ్చింది. ఎడమ చెవిలోది లోతుగా దిగి రాలేదు. దానితో పెనుగులాడే వ్యవధి లేకపోయింది. ఎదురుగా సభ.

నల్లరాతి స్తంభాలు నూరు. ప్రతి స్తంభానికీ ఒక ఇనుప నెమలి, ప్రతి నెమలి ముక్కునా ఒక నీలిదీపం. నేల ఎంత నునుపంటే గాడిద తన నీడను చూసి ఒకసారి తల ఊపింది. నడుమ నీళ్ళకొలను. దాని అవతల, మేకతోలు మీద, సన్నని పొడుగు మనిషి. అతని మెడలో పెద్ద గుంట ఉంది. మాట ముందు ఆ గుంటలో మోగి, తర్వాత నోటికి వస్తుంది. కుహరకంఠుడు అతనే.

మాచమ్మ నేలకు వంగి దండం పెట్టి, చూడముచ్చటైన గోడ కట్టించారని, వెల్ల పడితే పదిరాజ్యాలకు కనిపిస్తుందని చెప్పింది. తర్వాత నడుము మీద చేతులు వేసుకుని పనివాళ్ళు మాట్లాడే తీరులో మాట్లాడింది. "ఎంతమటుకు వెయ్యాలో చెబితే సున్నం తడుపుకుంటాం అయ్యగారూ."

"నా గోడకు కొస లేదు" అన్నాడతను.

"కొస లేని గోడ ఉంటుందా అయ్యగారూ. దిక్కు తెలియక పోయేదాన్ని గోడ అనరు మా దగ్గర, తప్పిపోయిన దూడ అంటారు. కట్టేవాడికి ఎక్కడ ఆపాలో తెలియలేదని అందరూ నవ్వుతారు."

కుహరకంఠుడి కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచాడు. కొస చెప్పేవాడే. ఆ క్షణాన అతని చూపు కొమ్మన చేతుల మీద పడింది. నోరు మెల్లగా మూసుకుని చిరునవ్వు నవ్వాడు. అటు చివర సున్నం తడిపే గుంట ఉందని, చాలుతుందో లేదో చూసిరమ్మని మాచమ్మను పంపాడు. ఆమె గాడిదను తోలుకుని స్తంభాల చాటుకు వెళ్ళేదాకా ఆగాడు.

"నా మేకలు కులాసాగా ఉన్నాయి నాయనా" అన్నాడు.

ఆనాటి ముసలివాడు ఇతనే. కొమ్మన కుడిచేయి వెనక్కి పెట్టుకున్నాడు.

సున్నం పనివాడి చేతులు పగిలి ఉంటాయని, ఈ కుడి అరచేయి మాత్రం పెళ్ళికూతురి చేయిలా ఉందని కుహరకంఠుడు ఎంతో ఆప్యాయంగా చెప్పాడు. ఆ తర్వాత బేరం పెట్టాడు. కొండ కింద నల్లని తలుపు వెనక తన దండు నిద్రపోతోంది. రాతితో చేసిన దండు. దానికి అన్నీ ఉన్నాయి, మొదలు లేదు. కొమ్మన ఒక్కసారి తలుపు మీద చేయి వేస్తే చాలు. గోడ కొస ఇప్పుడే, ఇక్కడే చెప్పేస్తాడు. గోడ ఉన్నచోటే ఆగిపోతుంది. మేస్త్రి ఇంటికి పోతాడు.

"ఆ పిల్ల బతికినన్నాళ్ళూ నిన్ను అన్నా అనే పిలుస్తుంది. జరిగింది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు."

కొమ్మన చేయి నిజంగానే లేచింది. ఆ సంగతి ఆ తర్వాత అతను ఎన్నడూ దాచుకోలేదు. చెన్నోజు ఇంటికి పోవడం, మాచమ్మ గడప దగ్గర నీళ్ళచెంబుతో నిలబడడం, అంతా కళ్ళకు కట్టింది. చేయి గాలిలో ఉండగానే, నలభై రోజుల తర్వాత, ఏడు తరాల అలవాటు అతని నోట పలికింది.

"దాని కొస ఎక్కడ?"

కుహరకంఠుడి గొంతుగుంటలో గాలి మాత్రం తిరిగింది.

కొమ్మన చేయి దించాడు. స్తంభాల వైపు తిరిగి మాచమ్మను కేకవేశాడు. ఆమె పారతో, గాడిదతో సహా వచ్చింది. అతను ఆమె ముఖం చూసే చెప్పాడు. "ఆ దొంగ తొలిచేయి ఏ దేశంవాడూ కాదమ్మా. నేనే. ఈ గోడ మీద చేయి వేసింది నేను. కొస అడగలేదు. దర్బారులో మీ నాన్న నా మీద నమ్మకం చూపిస్తే, నోరు మూసుకుని నిలబడ్డాను."

మాచమ్మ పార కింద పెట్టలేదు, పైకి ఎత్తలేదు.

"ఎందుకడగలేదు?"

వెన్నమ పేరు అతని నాలుక చివరికి వచ్చింది. దాన్ని వెనక్కి మింగాడు. "తొందరలో ఉన్నాను."

బేరం చెడిన కోపంతో కుహరకంఠుడు లేచి నిలబడ్డాడు. ఇనుప నెమళ్ళన్నీ ఒక్కసారి తల తిప్పాయి. అతను కొమ్మన కుడిచేతిని వేలితో చూపించాడు. "కొస కోసమే కదా ఇంత దూరం వచ్చారు. అయితే వినండి. నా గోడ ఈ చేతి మీద ముగుస్తుంది. ఈ చేయి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. దాన్ని తన రాళ్ళలో కలుపుకుని అప్పుడు ఆగుతుంది."

మాట గుంటలోంచి నోటికి వచ్చిన మరుక్షణం కొండ వణికింది. ఎక్కడో దూరాన, గంధవతి వాగుకు అవతల, వేల రాళ్ళు ఒక్కసారిగా పక్కకు దొర్లిన చప్పుడు. గోడ తిరిగింది. హరిణీపురానికి వీపు పెట్టి, కొండ వైపు ముఖం పెట్టి, వచ్చిన దారినే పక్క వరసగా సాగడం మొదలుపెట్టింది. ఇప్పుడది గర్భిణి నడక కాదు.

నెమళ్ళు రెక్కలు విప్పాయి. ఇనుప ఈకలు కత్తుల్లా వచ్చి స్తంభాలకు గుచ్చుకున్నాయి. కొమ్మన కదలకుండా నిలబడిపోయాడు. మాచమ్మ మాత్రం ఆగలేదు. గాడిద మీది రెండు గంపలనూ పట్టాలు కోసి, కాల్చిన సున్నపురాళ్ళను అట్లాగే కొలనులోకి దొర్లించింది. నీళ్ళు ఒక్కసారి బుసకొట్టి తెర్లాయి. వేడి ఆవిరి తెల్లని కొండలా లేచి దీపాలను మింగేసింది. ఆ తెలుపులో కుహరకంఠుడు కళ్ళు పట్టుకుని గొంతుగుంటతో కేకలు పెడుతున్నాడు. ఎవరో వచ్చి కొమ్మన మణికట్టు పట్టి ఈడ్చారు. పట్టుకున్నది కుడిచేతినే. ఆ పట్టు గట్టిగా, సున్నం తగిలి వేడిగా ఉంది.

దారి ఎటో ఇద్దరికీ తెలియదు. గాడిద మాత్రం ఎవరూ అదిలించకుండానే, గడ్డి వాసన వచ్చిన వైపు పరుగెత్తింది. దాని వెనకే పడ్డారు. ఒక సందు, ఒక మెట్ల వరస, ఒక విరిగిన తలుపు. వెలుగు. పెరటి ద్వారం.

అక్కడ పచ్చగడ్డిలో ఒక నల్లని గుర్రం నిలబడి ఉంది. కట్టుతాడు లేదు. కళ్ళెం వెండిది, జీను మీద బంగారు లతలు. జూలు గాలికి ఊగుతోంది గాని కాళ్ళు కదలవు. మాచమ్మ దాన్ని అదిలించింది, తోసింది, ముక్కు దగ్గర గడ్డి పట్టింది. ఊహూఁ. అది కుహరకంఠుడు తన కోసం చేసుకున్న గుర్రం. దండులాగే దానికీ అన్నీ ఉన్నాయి, మొదటి అడుగు లేదు.

వెనక మెట్ల మీద ఇనుప గోళ్ళ చప్పుడు.

మధ్యాహ్నం వాలుతోంది. రెండామడల అవతల, హరిణీపురం వెలుపలి తూర్పు బురుజులో చెన్నోజు చెర. నడిచి పోతే పొద్దు గుంకిపోతుంది. కొమ్మన కుడిచేయి ఎత్తి గుర్రం మెడ దగ్గరకు తెచ్చి ఆగాడు. ఈసారి ప్రయాణం అతనిది. కొస చెప్పవలసింది అతను. అడిగేవాళ్ళు వేరొకరు ఉండాలి. చేయి వేసిన తర్వాత మనసు మారినా, భయం వేసినా, పక్కదారి కనిపించినా ఇక తిరగడానికి ఉండదు. అతను నోరు విప్పి అడగమనలేదు. అడగమనే అర్హత తనకుందనిపించలేదు.

మాచమ్మ అతని చేతిని చూసింది. వెనక మెట్ల వైపు చూసింది. జీను మీదికి తానే ముందు ఎక్కింది. ఎక్కి, పైనుంచి, ఏ పిలుపూ లేకుండా అడిగింది.

"దీని కొస ఎక్కడ?"

"మీ నాన్న చెర తలుపు దగ్గర. తలుపు ముందు నిలబడి, కాపలావాళ్ళూ ప్రభువూ వినేలా, నేనే అని చెప్పేచోట."

"మధ్యలో గోడ ఎదురొస్తుంది."

"వస్తుంది."

"చెయ్యి వెయ్యి" అంది మాచమ్మ.

కొమ్మన అరచేయి నల్లని మెడ మీద ఆనింది. "సాగు" అన్నాడు. గుర్రం ఒళ్ళంతా ఒక్కసారి ఉలిక్కిపడింది, నిద్రలోంచి లేచిన పిల్లలా. అతను ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. ఇనుప ఈక ఒకటి వచ్చి జీను వెనక కొయ్యలో దిగబడేసరికి గుర్రం కొండవాలు సగం దిగిపోయింది. ముళ్ళపొదలు, ఎండిన వాగులు, బెదిరి చెదిరిన జింకల మంద వెనక్కి ఎగిరిపోతున్నాయి. గాడిద ఒంటరిగా వేరే దారిన, తీరిగ్గా ఊరికి పోతోంది.

చాలాసేపటికి గాని కొమ్మనకు ఆలోచన తట్టలేదు. గోడకు కొస అతని చేయి. గుర్రానికి కొస చెర తలుపు. రెండు పనులూ ఒకే చేతివి, రెండూ ఆగవు, రెండింటికీ ఒకటే దారి. ముందు ఏది తన కొస చేరుతుందో ఏ తరంలో ఏ తొలిచేయీ చూసి ఉండడు.

మాచమ్మ అన్నా అని పిలవలేదు. కొంతదూరం పోయాక కళ్ళెం ఒక చేతికి మార్చుకుని, వెనక్కి తిరగకుండానే రెండో చేతితో అతని తల తడిమింది. ఎడమ చెవిలో చిక్కుకున్న పిండి ఉండను గోటితో మెల్లగా, నొప్పి తగలకుండా తీసి పారేసింది.

అప్పుడు అతనికి రెండు చెవులా వినిపించింది. ఎదుట, దుమ్ము లేస్తున్న చోట, రాయి మీద రాయి, రాయి మీద రాయి, తన చేతిని వెతుక్కుంటూ వస్తోంది.